20వ తేదీ వస్తోందంటే ఫోను మోగని నిమిషం లేదు, మీరెలా నెట్టుకొస్తున్నారు?

ద్వారకానగర్ లెక్కలు:
ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పని చేస్తాను. ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 20న 3బీ (మొత్తం పన్ను లెక్క) ఫైల్ చేయాలి. నా చేతిలో 31 పార్టీలు, అంటే క్లయింట్లు. బిల్లులన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లోనే పంపుతారు కాబట్టి ఫోను దూరంగా పెట్టే వీల్లేదు. బిల్లు కోసం తెరుస్తాను. పైన అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ కనిపిస్తుంది. అది చదువుతాను. అందులో ఎవరో పెట్టిన వీడియో, దాని వెనక ఇంకోటి. తేరుకునేసరికి ఎవరి బిల్లు చూస్తున్నానో గుర్తుండదు. పోయిన నెల ఒకరి కొనుగోలు బిల్లు ఇంకొకరి ఖాతాలో ఎక్కించేశాను. ఫైల్ చేసే ముందు రాత్రి కంటపడింది గనక బతికిపోయాను. "ఫోను తగ్గించు" అనే మాట తప్ప ఇంకేదైనా చెప్పండి.

మధురవాడ నైట్‌షిఫ్ట్:
పొమొడోరో పద్ధతి చూడండి. 1980ల చివర్లో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి వంటింటి టైమర్ పెట్టుకుని చదవడం మొదలెట్టాడు. ఆ టైమర్ టమాటా ఆకారంలో ఉండేది, ఇటాలియన్‌లో టమాటాని పొమొడోరో అంటారు, అదే పేరైంది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. నాకైతే ప్రోగ్రామ్‌లో బగ్ వెతికేటప్పుడు సరిపోదు. సంగతి తలకెక్కే వేళకి గంట కొడుతుంది, అందుకే 50 పెట్టుకున్నాను. బిల్లుల ఎంట్రీకి 25 బాగానే ఉంటుంది.

గాజువాక పెద్దాయన:
నేను స్టీల్ ప్లాంట్‌లో ఏ, బీ, సీ షిఫ్టులన్నీ చేసి రిటైరైనవాణ్ని. మా దగ్గర షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ రాయకుండా కదలడానికి లేదు. ఏ యంత్రం ఎలా ఉంది, ఏ పని సగంలో ఉంది, వచ్చేవాడు ముందుగా ఏం చూసుకోవాలి, అన్నీ రాయాలి. బాబూ, నువ్వు ఒక పార్టీ పని ఆపి ఇంకో పార్టీ పని పట్టుకోవడం కూడా షిఫ్టు మారడమే. దిగేవాడివీ నువ్వే, ఎక్కేవాడివీ నువ్వే. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకో. ఫోను ఎత్తే ముందు ఒక్క లైను రాయి: "ఫలానా పార్టీ, 14వ బిల్లు దాకా అయింది, 15లో ట్యాక్స్ తేడా ఉంది." అంతే, తర్వాత ఫోను ఎత్తు.

మధురవాడ నైట్‌షిఫ్ట్:
పెద్దాయనా, ఈ సంగతి మీద పరిశోధనే ఉంది. పాత పని తెగకుండా కొత్త పనికి వెళ్తే మనసులో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. మీ లాగ్‌బుక్ దానికి సరైన మందు.

సీతమ్మధార టీచరమ్మ:
మీరంతా తలుపేసుకుని కూర్చోగలిగినవాళ్లు! నేను ఇంట్లో ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. ఇద్దరు పిల్లలు, నాలుగు స్కూల్ గ్రూపులు. ఒక్క హోంవర్క్ మెసేజ్ వస్తే దాని కింద "థాంక్యూ మేడమ్"లు నలభై. ఆ గ్రూపులన్నీ ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టి, రాత్రి ఎనిమిదికి ఒకసారి చూస్తాను. క్లాసు టైములో డు నాట్ డిస్టర్బ్. పిల్లలకి ఏదైనా అయితే ఎలా అని టెన్షన్ ఉండేది. ఆండ్రాయిడ్‌లో ఒక సెట్టింగ్ ఉంది, అదే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. స్కూలువాళ్లకీ అమ్మకీ "అర్జెంటైతే వెంటనే రెండుసార్లు చేయండి" అని చెప్పాను.

లైబ్రరీ మూల సీటు:
గ్రూప్-2కి చదువుతున్నాను. ఫోను బండి డిక్కీలో వదిలి పబ్లిక్ లైబ్రరీలోకి వెళ్తాను, ఇంకే చిట్కా లేదు. మీకది కుదరదు గానీ ఒక మాట. అష్టావధానంలో ఎనిమిది మంది అడిగేవాళ్లుంటారు, అవధాని కూడా ఎనిమిదీ ఒకేసారి చేయడు. సమస్యకి (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం) ఒక పాదం చెప్పి దత్తపదికి (ఇచ్చిన మాటలతో పద్యం చెప్పడం) వెళ్తాడు, చుట్టు తిరిగి మళ్లీ వస్తాడు. ఎప్పుడు పడితే అప్పుడు సంబంధం లేని మాటలతో అడ్డొచ్చే హక్కు అప్రస్తుత ప్రసంగం చేసేవాడొక్కడిదే. మీకు 31 మందీ వాళ్లే! పార్టీలకి వరస పెట్టండి, టైము చెప్పండి.

కంచరపాలెం కుర్రోడు:
ఫోను లేకపోతే మనసు కుదురుతుందంటే నేను నమ్మను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మా వీధిలో కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఆ రోజుల్లో నేను తలెత్తకుండా చదివేశానా? బిందె పట్టుకుని నీళ్ల లైన్లో నిలబడ్డాను. గురూ, ఒక మనిషికి 31 పార్టీలంటే అది ఫోను తప్పు కాదు. మీ ఓనర్‌తో మాట్లాడండి.

ద్వారకానగర్ లెక్కలు:
20 దాటింది, ఊపిరి పీల్చుకుని రాస్తున్నాను. లాగ్‌బుక్ పని చేసింది. రాయడం మరిచిన రోజున మాత్రం మళ్లీ పాత కథే. "బిల్లులు ఉదయం 11కి, సాయంత్రం 4కి చూస్తాను" అని అందరికీ మెసేజ్ పెట్టాను. ముగ్గురు అలిగారు, మిగతావాళ్లు అసలు పట్టించుకోనే లేదు, వాళ్ల బిల్లులు ఎప్పటిలాగే వచ్చాయి. టమాటా టైమర్ రెండో రోజుకే మానేశాను, టిక్కుటిక్కుమంటుంటే దాన్నే చూస్తున్నాను. ఓనర్‌కి 31 పేర్లూ కాగితం మీద రాసి చూపిస్తే అయిదు పార్టీలని ఇంకొకరికి ఇచ్చారు.

ఒక హార్డ్‌వేర్ షాపాయన మాత్రం 4 దాకా ఆగలేక బిల్లుల సంచి పట్టుకుని మెట్లెక్కి ఆఫీసుకే వచ్చేశారు. టీ ఇప్పించి కూర్చోబెట్టాను. టీచరమ్మగారూ, దీనికేమైనా సెట్టింగ్ ఉందా?