నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్‌కి 28 ఎంఎం కార్బురేటర్ వేయొచ్చా?

నెల్లూరు టూస్ట్రోక్: 1994 మోడల్, నాన్నది. బోర్ చేయించి కొత్త పిస్టన్ వేయించాం. పోర్టులు (సిలిండర్‌లో గాలి, పొగ వెళ్లే రంధ్రాలు) ముట్టుకోలేదు, సైలెన్సర్ కంపెనీదే. పెట్రోల్‌ని గాలితో కలిపే పాత 20 ఎంఎం మికుని కార్బురేటర్‌లో, యాక్సిలేటర్‌తో పైకి లేచే స్లైడ్ అరిగిపోయింది. 28 ఫ్లాట్ స్లైడ్ వేస్తే పికప్ అదిరిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. రోజూ వేదాయపాళెం, ట్రంకు రోడ్డు. ఆదివారం మైపాడు బీచ్. వేయమంటారా?

కందుకూరు షెడ్డు: వద్దు తమ్ముడూ. 28 అంటే 20 కంటే కాస్త పెద్దది కాదు, గొంతు వైశాల్యం దాదాపు రెట్టింపు. గాలి సన్నటి దారిలో వేగంగా పోతేనే జెట్ అనే చిన్న రంధ్రం నుంచి పెట్రోల్ లాగుతుంది. దారి వెడల్పయితే తక్కువ ఆర్‌పీఎంలో గాలి నెమ్మదిస్తుంది, ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో యాక్సిలేటర్ తిప్పగానే బండి దగ్గుతుంది. కంపెనీ ఆ 20తోనే 98 సీసీ నుంచి 11 హార్స్ పవర్ తీసింది. 22 చాలు, మహా అయితే 24.

ఒంగోలు రైడర్: నాది 28. 80 దాటాక చూడాలి దాని లాగుడు. 22 వేస్తే ఆ బండికి అన్యాయం.

కందుకూరు షెడ్డు: పోర్టింగ్ చేయించారా, అంటే పోర్టులు పెద్దవి చేయించారా? ఎక్స్‌పాన్షన్ చాంబర్, అదే రేసింగ్ సైలెన్సర్, ఉందా?

ఒంగోలు రైడర్: రెండూ ఉన్నాయి. అయితే ఏంది?

కందుకూరు షెడ్డు: తమ్ముడికి రెండూ లేవు. అదీ సంగతి.

చీమకుర్తి: 28కి చాలామంది ఎయిర్ బాక్స్ (కంపెనీ ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేసి కోన్ ఫిల్టర్ పెడతారు. మా ఊరి గ్రానైట్ దుమ్ములో ఆ పని చేస్తే సిలిండర్‌కు గీతలు పడతాయి. ఫిల్టర్ సంగతి ముందు తేల్చుకోండి.

కావలి 135: ఒక మెకానిక్ నాకు పెద్ద కార్బురేటర్ బిగించి, జెట్ మార్చకుండానే పంపాడు. గాలి ఎక్కువై పెట్రోల్ చాల్లేదు. ఆయిల్ పంపు తీసేసి 2టీ ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపేవాణ్ణి, పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. సింగరాయకొండ దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ పట్టేసింది. క్లచ్ నొక్కాను కాబట్టి బతికాను. ప్లగ్ తీస్తే సున్నంలా తెల్లగా ఉంది, పెట్రోల్ తక్కువైందనడానికి గుర్తు.

ఒంగోలు రైడర్: అది జెట్ తప్పు, ఆ మెకానిక్ తప్పు. సైజు తప్పు కాదు.

కందుకూరు షెడ్డు: ఏది పోయినా మెకానిక్ తప్పేనా? 28 వేయమని పట్టుబట్టేది మీరే. నెల తిరక్కుండా ‘అన్నా, పాత మికుని ఎక్కడైనా దొరుకుతుందా’ అని నా షెడ్డు ముందు నిలబడేదీ మీలాంటివాళ్లే.

ఒంగోలు రైడర్: మీకు బండి ఒరిజినల్‌గా ఉంటే చాలు, నడవకపోయినా ఫర్వాలేదు. మా నాన్న బండినీ అట్లే ముట్టుకోవద్దన్నారు మీలాంటివాళ్లు. గోడకు ఆనించిన చోటే ట్యాంకు తుప్పు పట్టింది. అది మళ్లీ రోడ్డెక్కాలనే నేను ఇంజన్ మొత్తం విప్పించాను.

నెల్లూరు టూస్ట్రోక్: అన్నా, మా నాన్న ఇంకా నడుపుతున్నారు. పొద్దున 5 గంటలకు పాలకు తీసుకెళ్తారు, మోకాలు నొప్పి. ఒక్క కిక్కుకే స్టార్ట్ కావాలి.

కందుకూరు షెడ్డు: ఆ మాట మొదటే రాయాల్సింది తమ్ముడూ. 22.

ఒంగోలు రైడర్: నాన్న నడిపినన్నాళ్లు 22. నీ చేతికొచ్చాక పోర్టింగ్ చేయించి నాకు చెప్పు.

కావలి 135: ఏది వేసినా మెయిన్ జెట్ ముందు పెద్దది పెట్టి తగ్గించుకుంటూ రా. ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగి, ఇంజన్ ఆపి, క్లచ్ నొక్కి, అక్కడే ప్లగ్ తీసి చూడు. కాఫీ రంగు రావాలి.