డెవిల్డ్ ఎగ్స్‌లో మన కారం ఎలా కలపాలి? కొంచెం చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే, మేం ఉండేది టెక్సాస్‌లో, ఈ ఈస్టర్‌కి మా వీధిలో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు) ఉంది, నేను డెవిల్డ్ ఎగ్స్ తెస్తానని చెప్పా. ఇక్కడి వాళ్లు చేసే పద్ధతి తెలుసు, ఉడికిన గుడ్డు నిలువుగా కోసి పచ్చసొన తీసి, దాన్ని మయోనైజ్, ఆవముద్ద, కాస్త వెనిగర్‌తో మెత్తగా కలిపి మళ్లీ ఆ గుంటల్లో నింపి పైన పాప్రికా అనే ఎర్ర మిరపపొడి చల్లుతారు. బాగుంటుంది కానీ పాప్రికాకి రంగే తప్ప ఘాటు ఉండదు కదా, నాకు అసలైన కారం తగలాలి.

గుంటూరు కారం నేరుగా కలిపితే పచ్చి వాసన వస్తోంది. అందుకే కారాన్ని గోరువెచ్చటి నూనెలో వేసి చల్లారాక కలుపుదామనుకుంటున్నా, లేదంటే ఆవకాయ ఊట, అందులో ఆవపిండి ఎలాగూ ఉంటుంది కాబట్టి మస్టర్డ్ మానేయొచ్చేమో. 12 గుడ్లకి ఎన్ని చెంచాలు వేయొచ్చు? నూనె ఎక్కువై మయోనైజ్ విరిగిపోతుందా? ఉప్పు సంగతి కూడా చెప్పండి, ఊటలో చాలా ఉంటుంది.

ఇంకోటి, పైన కరివేపాకు పోపు వేయాలని నాకు చాలా ఇష్టంగా ఉంది, ముందురోజే వేస్తే కరకర పోతుందా, అక్కడికెళ్లాక చల్లాలా? పిల్లలకి కారం లేనివి విడిగా చేస్తా, ఆ బెంగ లేదు. చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్తే చాలా హెల్ప్ అవుతుంది అండీ.