నాలుగేళ్ల బాబు మోషన్ ఆపుకుంటున్నాడు, నిక్కర్‌కి మరకలు: మందు ఆపాలా?

ప్రశ్న:
బాబు బరువు 15 కిలోలు. నాలుగైదు రోజులకోసారి వెళ్తాడు, అదీ లావుగా, గట్టిగా. వచ్చినప్పుడల్లా కాళ్లు బిగబట్టి తలుపు చాటున నిలబడతాడు. డాక్టరు గారు పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్, మలాన్ని మెత్తబరిచే మందు) పొడి రాశారు. ఇప్పుడు నిక్కర్‌కి పల్చగా అంటుతోంది. విరేచనాలు పట్టుకున్నాయని పొడి ఆపెయ్యమంటున్నారు ఇంట్లో. తమలపాకు తొడిమకి ఆముదం రాసి పెట్టమని కూడా అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు:
మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకి ఫోన్ చేసి మరకల సంగతి చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి అవి విరేచనాలు కాకపోవచ్చు. కింద గట్టి మలం అడ్డుపడితే పైనుంచి వచ్చే పల్చటిది దాని పక్కల నుంచి జారిపోతుంది. అది పిల్లాడికి తెలియకుండానే జరుగుతుంది, తిట్టొద్దు.

పీఈజీ నీటిని మలంలోనే పట్టి ఉంచుతుంది, పేగుకి అలవాటు కాదు. ముందు అడ్డు తొలగాలి: కిలోకి 1 నుంచి 1.5 గ్రాములు, అంటే మీ బాబుకి రోజుకి 15–22 గ్రాములు, 3 నుంచి 6 రోజులు. ఆ రోజుల్లో మరకలు ఎక్కువ కావచ్చు, కంగారు పడకండి. తర్వాత కిలోకి 0.4 గ్రాములతో (సుమారు 6 గ్రాములు) మొదలుపెట్టి, రోజూ మెత్తగా అయ్యేలా డాక్టరు సర్దుతారు. అడ్డు తియ్యకుండా నేరుగా చిన్న మోతాదుతో మొదలుపెడితే మరకలు తగ్గవు.

ఎక్కువమంది దెబ్బతినేది వారం బాగుండగానే మానేసినప్పుడు. సాగిన పేగు మామూలు కావడానికి, నొప్పి భయం పోవడానికి టైం పడుతుంది. కనీసం 2 నెలలు వాడాలి, అందులో ఒక నెలైనా ఇబ్బంది లేకుండా గడవాలి, ఆ తర్వాత మెల్లగా తగ్గించాలి.

జవాబు:
తొడిమ వద్దండి, సబ్బు ముక్క అసలే వద్దు, లోపలి పొర మండిపోతుంది. పైగా వాడి భయమే అక్కడ ఉంది.

అన్నం తిన్న తర్వాత పెద్దపేగు కదులుతుంది. అప్పుడు 5–10 నిమిషాలు కూర్చోబెట్టండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్లు వేలాడకూడదు, పీట వెయ్యండి, మోకాళ్లు తుంటి కన్నా పైకి రావాలి. బుడగ ఊదిస్తే ముక్కడం దానంతటదే వస్తుంది. వెళ్లకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకోండి. పాలు రోజుకి అరలీటరు దాటనివ్వకండి, కడుపు పాలతో నిండితే కూర, పప్పు ముట్టడు. ఇసబ్గోల్ లాంటి పీచు అడ్డు తొలగాకే. ముందే వేస్తే ఉన్న ముద్ద ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. మా అత్తగారికీ ఇదే బాధ. 62 ఏళ్లు, ఐరన్, క్యాల్షియం వాడుతున్నారు. ఇసబ్గోల్‌తో పొట్ట ఇంకా బిగిసింది.

జవాబు:
చెంచా పొడి అర గ్లాసు నీళ్లలో వేసుకుంటే బిగుస్తుంది. నిండు గ్లాసు, అంటే 240 మి.లీ. కావాలి, కలిపిన వెంటనే తాగాలి, మింగడం కష్టమైతే వాడకూడదు. ఐరన్, క్యాల్షియం రెండూ మలాన్ని గట్టిపరుస్తాయి. ఐరన్ రోజు మార్చి రోజు వేసుకోవచ్చేమో డాక్టరుని అడగండి. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించండి. ఈ ఇబ్బంది ఈ వయసులో కొత్తగా మొదలైతే, లేదా రక్తం పడినా, బరువు తగ్గినా మందుల షాపుకి కాదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

బాబుకైతే ఆకుపచ్చ రంగు వాంతులు, పొట్ట ఉబ్బడం ఉంటే అదే రోజు చూపించండి. పుట్టాక మొదటి నల్ల దొడ్డి 48 గంటలు దాటి వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి.