మొదటి ప్రభుత్వ టెండర్: పాత అనుభవం షరతును చిన్న సంస్థ దాటేదెలా?

నమస్కారం. చిన్న సంస్థలకు టెండర్ పత్రాలు తయారు చేసిపెట్టడం నా పని. నాణ్యతలో పెద్దవాళ్లకు ఏమాత్రం తీసిపోనివాళ్లు కూడా అర్హత దశలోనే ఆగిపోతున్నారు, ధర కవరు తెరిచేదాకా వెళ్లనే వెళ్లరు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: ఇలాంటి ప్రభుత్వ పని ముందే చేసి ఉండాలి. మొదటి పని ఎవరూ ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

టర్నోవర్ (ఏడాదికి చేసిన వ్యాపారం మొత్తం) ఇంత ఉండాలనే షరతు కొంత నయం. ఐరోపా సమాఖ్య 2014 నిబంధనల్లో, సరైన కారణం చూపితే తప్ప, కాంట్రాక్టు విలువకు రెండు రెట్లకు మించి టర్నోవర్ అడగకూడదని ఉంది. పెద్ద పనిని భాగాలుగా విడగొట్టకపోతే ఎందుకో చెప్పాలనీ ఉంది. బిడ్లు వేయకముందు సందేహాల కోసం జరిపే ప్రీబిడ్ సమావేశంలో ఇలాంటి ఉదాహరణ చూపిస్తే అధికారులు కనీసం వింటారు. అనుభవం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కదలరు.

నాకు తోచిన దారి ఒకటి, పెద్ద కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టు చేసి ధ్రువపత్రం తీసుకోవడం. ఆ పత్రాన్ని శాఖలు ఒప్పుకుంటున్నాయా, లేక పని చేయించుకున్న శాఖ సంతకమే కావాలంటున్నాయా? ఇద్దరు ముగ్గురు కలిసి జాయింట్ వెంచర్‌గా బిడ్ వేయడం ఇంకో దారి. కానీ ఒకరు మధ్యలో చేతులెత్తేస్తే భారం మిగతావాళ్ల మీద పడుతుంది. అలా వేసినవాళ్లు ఒప్పందంలో ఆ సంగతి ఎలా రాసుకున్నారు?

టెండర్లు పరిశీలించే వైపు పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి: ప్రైవేటు సంస్థలకు చేసిన పనిని అనుభవంగా నమ్మాలంటే మీకు ఏయే కాగితాలు కావాలి? బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిపోతాయా?