సన్న మొన పెన్ను ట్యాబ్ మీద ఎందుకు రాయడం లేదు?

ప్రశ్న: నోట్సు రాసుకుందామని రెండు స్టైలస్‌లు కొన్నాను. లావు రబ్బరు మొన ఉన్నది రాస్తోంది గానీ, గీత ఎక్కడ పడుతోందో మొన చాటున కనిపించదు. సన్న మొనది ఎంత గట్టిగా నొక్కినా రాయడం లేదు. వేలితో అంతా బాగానే ఉంది. స్క్రీన్‌లో లోపమా?

జవాబు: లోపం లేదండీ. గట్టిగా నొక్కకండి, గీతలు పడి అద్దం పాడవుతుంది. మీ ట్యాబ్‌ది కెపాసిటివ్ స్క్రీన్, అంటే విద్యుత్ మార్పును బట్టి తాకిడిని గుర్తించేది; దానికి ఒత్తిడితో పని లేదు. అద్దం కింద కంటికి కనిపించని అడ్డ, నిలువు తీగల వల ఉంటుంది. చాలావాటిలో దాన్ని ఇండియం టిన్ ఆక్సైడ్ అనే, కరెంటు పారే పారదర్శక పూతతో చేస్తారు. అడ్డ తీగల్లోకి సంకేతం పంపి, నిలువు తీగల్లో ఎంత అందిందో కంట్రోలర్ అనే చిప్ కొలుస్తూనే ఉంటుంది. మన ఒంట్లో ఉప్పునీరే కదా, కరెంటు పారుతుంది. వేలు దగ్గరికి రాగానే ఆ విద్యుత్ క్షేత్రంలో కొంత వేలివైపు మళ్లుతుంది. అందే సంకేతం తగ్గుతుంది. ఆ తగ్గుదలే దానికి 'టచ్'.

తీగల మధ్య ఎడం సుమారు 4, 5 మి.మీ. ఉంటుంది. వేలు వెడల్పుగా ఆనుతుంది కాబట్టి పక్కపక్క కూడళ్లన్నిటిలో తగ్గుదల తెలుస్తుంది, వాటి నడిమి బిందువును కంట్రోలర్ లెక్కగడుతుంది. 1 మి.మీ. మొన తెచ్చే మార్పు మరీ స్వల్పం, దాన్ని రొద (అక్కరలేని సంకేతం) కింద తీసిపారేస్తుంది. రబ్బరు మొన లావుగా ఉండేది అందుకే. అది కూడా కరెంటు పారే రబ్బరు, పెన్ను ఒంటి గుండా మీ చేతిని కలుస్తుంది. ప్లాస్టిక్ పెన్ను మూత పనిచేయనిదీ ఇందువల్లే.

ప్రశ్న: మరి సన్న మొనతో చక్కగా రాసేవి చూశానే?

జవాబు: వాటిలో చాలావాటికి బ్యాటరీ ఉంటుంది. యాపిల్ పెన్సిల్ లాంటివి తామే సంకేతం పంపుతాయి, స్క్రీన్ దాన్ని వింటుంది. ఇద్దరికీ ఒకే భాష రావాలి, లేకపోతే ఎంత ఖరీదు పెన్నయినా పుల్లతో సమానం. శామ్‌సంగ్ ఎస్ పెన్ దారి వేరు: డిస్‌ప్లే వెనక దానికోసమే ఇంకో పొర ఉంటుంది. మీ సన్న పెన్నుకు చార్జింగ్ రంధ్రం ఉందేమో చూడండి.

ప్రశ్న: ఉందండీ! డబ్బా మీది మోడళ్లలో మా ట్యాబ్ మాత్రం లేదు.

జవాబు: అయితే తిరిగి ఇచ్చేయండి. మొనకు పారదర్శకమైన చిన్న బిళ్ల ఉండే స్టైలస్ అడగండి. బిళ్ల వెడల్పు వల్ల స్క్రీన్‌కు తెలుస్తుంది, గీత మీకూ కనిపిస్తుంది. అరచేయి మాత్రం ఆనించకండి, దాన్నీ వేలనే అనుకోవచ్చు.