అప్‌డేట్: అమ్మానాన్నలతో క్రామండ్ ద్వీపం నడిచి వెళ్లొచ్చాం

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో పక్కనున్న క్రామండ్ ద్వీపానికి అమ్మానాన్నలను నడిపించుకుని తీసుకెళ్లవచ్చా, మధ్యలో సముద్రం నీళ్లొచ్చి ఇరుక్కుపోతామా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. శనివారం వెళ్లొచ్చాం, క్షేమం.

మీరు చెప్పినట్టే దారి మొదట్లో ఉన్న బోర్డులో టైములు చూశాం. సముద్రం బాగా వెనక్కి తగ్గే వేళకు రెండు గంటలు ముందూ, రెండు గంటలు తర్వాతా మాత్రమే దాటాలి. నాన్న ఫోన్‌లో అలారం పెట్టి, పది నిమిషాలకోసారి "ఇంక పదండి" అంటూనే ఉన్నారు!

దారి మైలు దాకా ఉంటుంది. పక్కనే బారుగా కాంక్రీటు స్తంభాలు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల పడవలు దూరకుండా కట్టారట. నాచు మీద అమ్మ ఒకసారి జారింది, దెబ్బేమీ తగల్లేదు. చెప్పులు వద్దు, బూట్లే.

ద్వీపం మీద అప్పటి ఫిరంగి స్థావరాల శిథిలాలున్నాయి. గోడలనిండా రంగుల రాతలు. నాకైతే ఆ చీకటి గదులే నచ్చాయి. అమ్మ మాత్రం "ఈ పాడుబడ్డ గోడల కోసమా ఇంత నడిపించావు?" అంది.

అన్నట్టు, అక్కడ టాయిలెట్ లేదు. ఒడ్డునున్న క్రామండ్ ఊళ్లోనే చూసుకుని బయలుదేరండి.