పదకొండేళ్ల క్యాచర్‌ని ఒక మోకాలి మీద కూర్చోబెట్టడం సరైనదేనా?

ఫ్రిస్కో నాన్న
మావాడు లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్‌లో, క్యాచర్. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడన్నమాట. మొన్న శనివారం మూడో బేస్‌లో రన్నర్ ఉండగా బంతి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) ముందు నేలకి కొట్టుకుని వాడి కుడిపక్క నుంచి వెనక కంచెదాకా పోయింది. రన్ వచ్చింది, మ్యాచ్ పోయింది. అప్పుడు వాడు ఎడమ మోకాలు నేలకి ఆనించి, కుడికాలు పక్కకి చాపి కూర్చున్నాడు. వాళ్ల కోచ్ నేర్పిందే అది. అవతలి కోచ్ మాత్రం "ఇది టీవీ చూసి పెట్టిన వేషం, ముందు రెండు పాదాల మీద గొంతుక్కూర్చోవడం నేర్పించండి" అన్నాడు. నాకు తెలిసింది గల్లీ క్రికెట్టే. ఎవరి మాట వినాలి?

పాత కీపర్
అవతలాయన చెప్పిందే రైటండీ. కాలేజీలో మూడేళ్లు వికెట్ కీపింగ్ చేశాను. మోకాలు నేలకి ఆనిందంటే కీపర్ పని అయిపోయినట్టే. పాదాలు ఆడాలి, బంతి వెనక్కి ఒళ్లు వెళ్లాలి. మా విశాఖ కె.ఎస్. భరత్ స్పిన్నర్లకి కీపింగ్ చేసేటప్పుడు చూడండి, బంతితోపాటే లేస్తాడు.

స్కోర్‌బుక్ అత్త
చర్చ మధ్యలో ఒక్క మాట. ప్లేట్ చేరకముందే నేలకి తగిలి, దాంతో రన్నర్ ముందుకెళ్తే అది వైల్డ్ పిచ్. పిచర్ (బంతి విసిరేవాడు) ఖాతాలో పడుతుంది, క్యాచర్ ఖాతాలో కాదు. పిల్లాణ్ణి ఇంట్లో ఏమీ అనకండి.

మూడో స్ట్రైక్
పాత కీపర్ గారూ, పోలిక తప్పింది అక్కడేనండీ. కీపర్ బౌన్స్ అయిన బంతిని పడతాడు. క్యాచర్ నేలకి కొట్టుకున్న బంతిని పట్టకూడదు, ఆపాలి. మిట్ (క్యాచర్ గ్లవ్) ముందుగా కాళ్ల సందులోకి వెళ్లి నేలని మూసేయాలి, గడ్డం ఛాతీకి ఆనాలి, భుజాలు ముందుకి వంగాలి. ఊపిరి వదిలి ఒళ్లు మెత్తబరిస్తే బంతి ఛాతీకవచానికి తగిలి అక్కడే చచ్చిపడుతుంది. చేతికందే దూరంలో పడితే రన్నర్ కదలడు.

ఎలా కూర్చున్నా చివరికి రెండు మోకాళ్లూ నేల మీదికే రావాలి. ఒకటి ముందే కింద ఉంటే సగం పని అయినట్టే కదా? లిటిల్ లీగ్‌లో పిచర్ దూరం 46 అడుగులు. గంటకి 60 మైళ్ల బంతి అర సెకనులో వచ్చేస్తుంది.

ఇక "టీవీ వేషం" అంటారా, మేజర్ లీగ్ క్యాచర్ టోనీ పెన్యా 1980ల్లోనే ఒక కాలు చాపి నేల మీద కూర్చునేవాడు. ఈమధ్య మిన్నెసోటా ట్విన్స్ జట్టులో, తర్వాత 2020 నుంచి యాంకీస్ జట్టులో టానర్ స్వాన్సన్ అనే కోచ్ దీన్ని బాగా ముందుకి తెచ్చాడు. యాంకీస్ క్యాచర్ గ్యారీ శాంచెజ్‌కి 2017లో 16, 2018లో 18 పాస్డ్ బాల్స్ (క్యాచర్ ఖాతాలోనే పడే, చేజారిన బంతులు). రెండేళ్లూ పాత పద్ధతిలోనే కూర్చున్నాడు మరి!

గల్లీ లెఫ్టీ
అన్నా, అసలు గీ కూర్చునుడు ఎందుకొచ్చిందో ఎవ్వరు చెప్తలేరు. బంతి ఆపనీకి రాలేదు. కిందికొచ్చే బంతిని కింది నుంచి మెల్లగ లేపి అంపైర్‌కి స్ట్రైక్ (సరిగ్గ పడ్డ బంతి) లెక్క చూపియ్యనీకి వచ్చింది. పెద్దోళ్లకు గది పైసల పని. గిప్పుడు 2026 నుంచి మేజర్ లీగ్‌ల కూడా హెల్మెట్ తట్టి తీర్పును సవాలు చేస్తున్నరు, ఆ మాయకు కూడ ధర తగ్గుతది. పదకొండేండ్ల పోరగాడికి అంపైర్ ఎవరు? ఎవరో ఒక పిల్లగాని నాయిన. ఆయనకు మిట్ ఎట్ల లేపితే ఏంది?

ఇంకోటి. ఎడమ మోకాలు కింద ఉంటే ఎడమకు పోవుడు అల్కగ, కుడి పాదంతోని తోస్తడు. కుడికి పోవాలంటే? మోకాలుతోని తొయ్యాలె. మోకాలు పాదం లెక్క తోస్తదా? పోరనికి బంతి యాడికెల్లి పోయింది? కుడిపక్కకెల్లి.

స్కోర్‌బుక్ అత్త
1941 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) నాలుగో మ్యాచ్, డాడ్జర్స్‌కి యాంకీస్‌కి. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, డాడ్జర్స్ 4-3తో ముందున్నారు. మూడో స్ట్రైక్‌కి యాంకీస్ బ్యాటర్ టామీ హెన్రిక్ బ్యాట్ ఊపి తప్పాడు. క్యాచర్ పట్టి ఉంటే ఆట అయిపోవాలి. బంతి డాడ్జర్స్ క్యాచర్ మికీ ఓవెన్ చేతిలోంచి జారిపోయింది, హెన్రిక్ మొదటి బేస్ చేరాడు, యాంకీస్ 7-4తో గెలిచారు. ఓవెన్ ఏ మోకాలి మీదా లేడు లెండి.

మూడో స్ట్రైక్
లెఫ్టీ అన్నా, కుడివైపు సంగతి ఒప్పుకుంటాను, అదే దీని బలహీనత. కానీ బరువంతా ఎడమ మడమ మీద వేసి కూలబడితేనే అలా అవుతుంది. పిరుదులు మడమకి ఆనకూడదు. చాపిన కాలు మరీ దూరం పోకూడదు, కుడి మోకాలిని లోపలికి విరిచి దించగలగాలి. ఫ్రిస్కో నాన్న గారూ, వీడియో ఉందా? మిట్ ఎటు తిరిగి ఉంది?

ఫ్రిస్కో నాన్న
ఇప్పుడే చూశాను. మడమ మీదే కూర్చున్నాడు, హాయిగా. బంతి నేలకి తగలగానే మొహం పక్కకి తిప్పి, చెయ్యి అడ్డంగా చాపి పట్టబోయాడు.

మూడో స్ట్రైక్
మొహం తిప్పితే మెడ బయటపడుతుంది, ముందు అది మాన్పించండి. టెన్నిస్ బంతులతో మొదలుపెట్టండి. చేతులు వెనక్కి కట్టుకోమని నేల మీద కొట్టి విసరండి, ఛాతీతో మాత్రమే ఆపాలి. ఆ భయం పోయేదాకా ఏ మోకాలన్నది తర్వాత మాట.

పాత కీపర్
సరే, రన్నర్లు లేనప్పుడు మోకాలి మీద కూర్చోనివ్వండి. మూడో బేస్‌లో మనిషుంటే మాత్రం నా మాట వినండి, రెండు పాదాలు. ఇంతకంటే దిగిరాను.

ఫ్రిస్కో నాన్న
ఇవాళ సాయంత్రం గ్యారేజీ ముందు 40 టెన్నిస్ బంతులు వేశాను, చెరోవైపు ఇరవై. తలుపుకి ఒక సొట్ట పడింది, వాళ్లమ్మకి ఇంకా తెలియదు.

గల్లీ లెఫ్టీ
ఎడమకు ఎన్ని ఆపిండు?

ఫ్రిస్కో నాన్న
పదిహేను.

గల్లీ లెఫ్టీ
కుడికి?

ఫ్రిస్కో నాన్న
ఆరు.

మూడో స్ట్రైక్
రేపు కుడి మోకాలు ఆనించి అవే నలభై వేయండి. లెక్క ఇక్కడ పెట్టండి.